సమీకరణం అందంగా ఉంది అని ఎప్పుడు అంటాం?

ఒంటరి_పై రాశారు:

అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక విషయం మనసులో తిరుగుతోంది. ఇక్కడ లెక్కలు ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

2014లో సెమీర్ జెకీ అనే నాడీ శాస్త్రవేత్త, గణితవేత్త మైకేల్ అతియా, మరో ఇద్దరు కలిసి ఒక ప్రయోగం గురించి ప్రచురించారు. 15 మంది గణితవేత్తలకు 60 సమీకరణాలు ఇచ్చి, ఒక్కోదాని అందానికి మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా మార్కులు వేయమన్నారు. తర్వాత వాళ్లను స్కానర్‌లో పడుకోబెట్టి అవే సమీకరణాలు చూపించారు. అందంగా ఉంది అన్నదాన్ని చూసినప్పుడు మెదడులో చురుకైన భాగం, మంచి సంగీతం విన్నప్పుడూ మంచి బొమ్మ చూసినప్పుడూ చురుకయ్యే భాగమే. ఇక్కడిదాకా చదివి చాలా సంతోషపడ్డాను.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు ఆయిలర్ సమీకరణానికి వచ్చాయి. ఇ అనే సంఖ్యను 'ఐ పై' ఘాతానికి ఎత్తి 1 కలిపితే సున్నా. అందులో ఆశ్చర్యం లేదు. కానీ బాగాలేదని ఎక్కువమంది తేల్చింది దేన్నో తెలుసా? రామానుజన్ 1914లో ప్రచురించిన, 1/పై విలువ ఇచ్చే అనంత శ్రేణిని.

నాకు నిజంగా బాధేసింది. ఆ శ్రేణి మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు పేజీ తిప్పలేదు. అందులో 9801, 1103, 26390, 396 అనే సంఖ్యలు ఉంటాయి. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు. అయినా వాటిని చూస్తే గుండె కొట్టుకునే వేగం మారింది. 15 మంది గణితవేత్తల కంటికి ఆనంది, నా కంటికి ఎందుకు ఆనింది? అసలు సమీకరణంలో అందం అంటే ఏమిటి? పొట్టిగా ఉండటమా? అర్థం కావడమా? ఉపయోగపడటమా?

---

బహుభుజి రాశారు:

మంచి ప్రశ్న. పొట్టిగా ఉండటం మాత్రం కాదని నా నమ్మకం. 2 + 2 = 4 కన్నా పొట్టిగా ఏముంటుంది? దాన్ని చూసి ఎవరూ కళ్లు తుడుచుకోరు. మిగతాది సాయంత్రం రాస్తాను, నా దగ్గర ఒక ఫుట్‌బాల్ ఉదాహరణ ఉంది.

---

లెక్కల_మాస్టారు రాశారు:

ఒంటరి_పై గారూ, ముందు ఆయిలర్ సంగతి చెప్పుకుందాం. రామానుజన్ దగ్గరకు తర్వాత తప్పకుండా వస్తాను.

ఆయిలర్ సమీకరణం ఎందుకు అందమని అడిగితే చాలామంది ఒకే జవాబు చెబుతారు. సున్నా, ఒకటి, పై, ఇ, ఐ, ఈ ఐదు ముఖ్యమైన సంఖ్యలూ ఒకే వరుసలో కూర్చున్నాయి అని. అది పెళ్లి ఫొటోలో పెద్దలందరూ ఉన్నారు అన్నట్టు ఉంటుంది. నా దృష్టిలో అది పైపై కారణం. 30 ఏళ్లుగా పాఠం చెబుతున్నాను, ఈ కారణం విని కళ్లు మెరిసిన విద్యార్థి నాకు గుర్తులేదు.

కళ్లు మెరిసేది ఇక్కడ. ఒక గీత మీద సంఖ్యలు ఉన్నాయనుకోండి, కుడివైపు ప్లస్, ఎడమవైపు మైనస్. మైనస్ 1తో గుణించడం అంటే 180 డిగ్రీలు తిరగడం. 3 ఉన్నచోటి నుంచి తిరిగి మైనస్ 3 దగ్గరకు వస్తాం. మరి రెండుసార్లు చేస్తే మైనస్ 1 అయ్యే పని ఏది? 90 డిగ్రీలు తిరగడం. అదే ఐ. 'మైనస్ 1కి వర్గమూలం' అని చెప్పి పిల్లల్ని భయపెట్టేది ఈ పావు మలుపునే.

ఇక ఇ అనేది పెరుగుదలకు సంబంధించిన సంఖ్య. ఉన్నదాన్ని బట్టి పెరిగేది ఏదైనా ఇ ఘాతంలోకే వస్తుంది. మామూలుగా పెరుగుదల ఉన్న దిశలోనే ముందుకు లాగుతుంది. ఆ ఘాతంలో ఐ పెట్టామంటే, లాగుడును ప్రతి క్షణం 90 డిగ్రీలు పక్కకు తిప్పామన్నమాట. ఎప్పుడూ పక్కకే లాగితే వస్తువు ఏం చేస్తుంది? దూరం పోదు, దగ్గరకు రాదు. చుట్టూ తిరుగుతుంది. ఒకటి దగ్గర బయలుదేరి, వృత్తం మీద పై అంత దూరం నడిస్తే సగం చుట్టు పూర్తవుతుంది. చేరేది మైనస్ 1 దగ్గరికి.

అంతే. ఇందులో మాయ ఏమీ లేదు. పెరగడం, తిరగడం రెండు వేరే పనులని ఇన్నాళ్లూ అనుకున్నాం, ఒకే పనికి రెండు దిశలు అని తెలిసింది. ఆ తెలిసిన క్షణాన్నే అందం అంటున్నాం అనుకుంటాను.

---

వాక్యం రాశారు:

నేను సాహిత్యం వైపు మనిషిని, లెక్కలు కొంచెమే వచ్చు. కానీ మాస్టారు గారి పోస్ట్ చదువుతుంటే అవధానంలో సమస్యాపూరణం గుర్తొచ్చింది. పృచ్ఛకుడు ఒక అసంబద్ధమైన పాదం ఇస్తాడు. వింటే తప్పు, అనర్థం, ఒక్కోసారి అపచారం కూడా. అవధాని మిగతా పాదాలు పూరించేసరికి అదే పాదం, ఒక్క అక్షరం మారకుండా, సరైన అర్థంతో నిలబడుతుంది. సభ అంతా చప్పట్లు కొడుతుంది.

'ఒక ధన సంఖ్యను ఏదో ఘాతానికి ఎత్తితే మైనస్ 1 వచ్చింది' అన్నది వినగానే తప్పులా ఉంది. పూరణ అయ్యాక అలా కాక ఇంకోలా ఉండదనిపించింది. మొదట ఆశ్చర్యం, వెంటనే 'ఇది ఇలాగే ఉండాలి' అనే భావం. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా రుచి పోతుందేమో.

---

లెక్కల_మాస్టారు రాశారు:

వాక్యం గారూ, మీరు చెప్పినదానికి చాలా దగ్గరగా హార్డీ కూడా రాశాడు. రామానుజన్‌ను కేంబ్రిడ్జ్‌కు పిలిపించిన హార్డీయే. మంచి గణితంలో అనుకోనితనం, తప్పనిసరితనం, పొదుపు మూడూ కలిసి ఉంటాయని ఆయన అభిప్రాయం. మీ సమస్యాపూరణం పోలిక నా క్లాసులో వాడుకుంటాను, అనుమతి ఇవ్వండి.

---

తరంగం రాశారు:

భౌతికశాస్త్రం వైపు నుంచి ఒక హెచ్చరిక చేయాలి. మీ ఆనందాన్ని తగ్గించడానికి కాదు, ఈ విషయం నాకూ ప్రాణప్రదమే కాబట్టి.

పొదుపు చాలా సులభంగా మోసం చేస్తుంది. భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ తన పాఠాల్లో దీనికి ఒక ఉదాహరణ ఇచ్చాడు. ప్రకృతి నియమాలన్నీ ఒక్కో సమీకరణంగా రాయండి. ప్రతిదాన్నీ ఒక పక్క సున్నా వచ్చేలా మార్చండి. అన్నిటినీ వర్గం చేసి కూడి, ఆ మొత్తానికి ఒక పేరు పెట్టండి. ఇప్పుడు 'ఆ పేరు = 0' అన్న ఒక్క సమీకరణంలో విశ్వమంతా ఉంది! కానీ కొత్తగా తెలిసింది ఏమీ లేదు. సామాను అంతా ఒక పెట్టెలో కుక్కి మూత వేశాం, అంతే.

గురుత్వాకర్షణకు ఐన్‌స్టైన్ రాసిన 1915 సమీకరణాన్ని టీషర్టుల మీద ఒక్క లైన్‌లో చూస్తాం. విప్పితే ఒకదానితో ఒకటి చిక్కుపడిన 10 సమీకరణాలు. విద్యుత్తు, అయస్కాంతాల నియమాలను మాక్స్‌వెల్ 1865లో రాసినప్పుడు 20 సమీకరణాలు, 20 రాశులు ఉన్నాయి. ఇప్పుడు మనం చూసే నాలుగు లైన్ల రూపం 1880లలో ఆలివర్ హెవిసైడ్ వెక్టర్లతో కూర్చింది. ఇంకా కొత్త సంకేతాలతో అవే రెండు లైన్లు అవుతాయి. మరి అందం మాక్స్‌వెల్‌దా, హెవిసైడ్‌దా, సంకేతాలదా?

నా జవాబు ఇది. సంకేతం మూట కట్టడమే కాకుండా ఒక్కోసారి లోపల దాగిన సౌష్ఠవాన్ని కూడా బయటపెడుతుంది. హెవిసైడ్ రూపంలో విద్యుత్తు, అయస్కాంతం ఎదురెదురుగా అద్దంలో చూసుకుంటున్నట్టు కనిపిస్తాయి. 20 లైన్లలోనూ ఆ అద్దం ఉంది, కానీ కనిపించదు. ఫైన్‌మన్ పెట్టెలో అసలు అద్దమే లేదు. తేడా అక్కడుంది.

---

డిగ్రీ_రెండో_ఏడు రాశారు:

తరంగం అన్నా, అయితే మూట ఏదో నిజమైన అందం ఏదో ఎలా తెలుస్తుంది? మాకు పరీక్షలకు ఈ సమీకరణాలన్నీ బట్టీ పట్టించారు. అందం అన్న మాట క్లాసులో ఒక్కసారి కూడా వినలేదు. మాక్స్‌వెల్ నాలుగు లైన్లూ నాకు నోటికి వచ్చు, కానీ చూస్తే ఏమీ అనిపించదు. నాలో ఏదో లోపం ఉందేమో అని టెన్షన్‌గా ఉంది.

---

తరంగం రాశారు:

లోపం ఏమీ లేదు తమ్ముడూ. రాగం తెలియకుండా స్వరాలు కాగితం మీద చదివినట్టు చదివించారు నీకు.

ఒక పని చెయ్యి. ఆ నాలుగింటిలో, విద్యుత్ ప్రవాహం నుంచి అయస్కాంత ప్రభావం ఎలా పుడుతుందో చెప్పే ఆంపియర్ నియమానికి మాక్స్‌వెల్ చేర్చిన పదం ఒకటుంది, డిస్‌ప్లేస్‌మెంట్ కరెంట్. అది తీసేసి చూడు. విద్యుదావేశం ఎక్కడా మాయం కాకూడదన్న నియమంతో లెక్క కుదరదు. ఆ పదం పెట్టగానే కుదురుతుంది, పైగా ఖాళీ ప్రదేశంలో తరంగాలు పుడతాయి. ఆ తరంగాల వేగం ఎంతో లెక్కకట్టు. కావలసిన రెండు స్థిరాంకాలూ బల్ల మీద విద్యుత్తు, అయస్కాంత ప్రయోగాల్లో కొలిచినవే, వాటిలో ఎక్కడా దీపం లేదు. జవాబు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు వస్తుంది. అది కాంతి వేగం.

చెయ్యి తిప్పి చూసుకున్నట్టు ఆ లెక్క నువ్వే ఒక పేజీలో చెయ్యి. చేశాక ఏమీ అనిపించకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.

---

బహుభుజి రాశారు:

చెప్పినట్టే వచ్చాను. నాకు ప్రాణమైన సమీకరణం ఇది:

శీర్షాలు − అంచులు + ముఖాలు = 2

ఇదీ ఆయిలర్‌దే. గణిత పాఠకుల మధ్య 1990 ప్రాంతంలో డేవిడ్ వెల్స్ జరిపిన ఓటింగ్‌లో మొదటి స్థానం 'ఐ పై' సమీకరణానికి వస్తే, రెండోది దీనికి వచ్చింది. ఘనం తీసుకోండి, 8 − 12 + 6 = 2. పిరమిడ్ తీసుకోండి, చతురస్రం అడుగు ఉన్నది, 5 − 8 + 5 = 2. గుంటలు, రంధ్రాలు లేకుండా చదును ముఖాలతో ఏ దిమ్మె చెక్కినా 2 వస్తుంది. కత్తితో ఒక మూల కోసేయండి, మళ్లీ లెక్కపెట్టండి. 2 పోదు.

ఇప్పుడు ఫుట్‌బాల్. నల్ల పంచభుజులు, తెల్ల షడ్భుజులు కుట్టిన పాత రకం. పంచభుజులు 12, షడ్భుజులు 20. చిన్నప్పుడు లెక్కపెట్టాను, ఎందుకు 12 అని అప్పుడు అడగాలని తోచలేదు. కుట్టేవాళ్లు అలా నిర్ణయించారనుకున్నాను.

అది నిర్ణయం కాదు! ప్రతి మూల దగ్గర మూడు ముక్కలు కలుస్తాయి, ప్రతి అంచునూ రెండు ముక్కలు పంచుకుంటాయి. ఒక షడ్భుజి తన వాటాగా ఎంత ఇస్తుందో చూడండి. శీర్షాలు ఆరు, ఒక్కోదానిలో మూడోవంతు, అంటే 2. అంచులు ఆరు, ఒక్కోదానిలో సగం, అంటే 3. ముఖం 1. మొత్తం 2 − 3 + 1 = 0. షడ్భుజి ఇచ్చేది సున్నా! ఎన్ని పెట్టినా లెక్క కదలదు. ఇక పంచభుజి: 5/3 − 5/2 + 1 = 1/6. మొత్తం 2 రావాలి కాబట్టి పంచభుజులు సరిగ్గా 12 ఉండి తీరాలి. 11 పెట్టి బంతి కుట్టడం ఎవరివల్లా కాదు.

1985లో 60 కార్బన్ పరమాణువుల అణువు దొరికినప్పుడు దాని ఆకారం ఇదే. 60 శీర్షాలు, 90 అంచులు, 32 ముఖాలు. 60 − 90 + 32 ఎంతో మీరే చూడండి. దానికి 1996లో నోబెల్ వచ్చింది. 18వ శతాబ్దంలో కూర్చుని ఆయిలర్ రాసిన ఒక కూడిక తీసివేత, పరమాణువులకు కూడా 'ఇలాగే కట్టుకోండి' అని చెబుతోంది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

---

డిగ్రీ_రెండో_ఏడు రాశారు:

బహుభుజి గారూ, రంధ్రం ఉంటే ఏమవుతుంది? ఫొటో ఫ్రేమ్ లాంటిది లెక్కపెట్టాను, నాలుగు మూలల దగ్గర అతుకులతో. శీర్షాలు 16, అంచులు 32, ముఖాలు 16 వచ్చాయి. అంటే సున్నా. నేను తప్పు లెక్కపెట్టానా?

---

బహుభుజి రాశారు:

తప్పేమీ లేదు. ఒక రంధ్రం ఉంటే సున్నా, రెండుంటే మైనస్ 2. ఆకారాన్ని ఎంత సాగదీసినా మారని సంఖ్య అది. రంధ్రం ఉందో లేదో కంటితో చూడకుండా కూడికలతో తేల్చేశారు మీరు.

---

సూటిగా రాశారు:

అందరూ భావోద్వేగంతో రాస్తున్నారు, గౌరవిస్తాను. కానీ నా అభిప్రాయం వేరు. అందం అనేది అలవాటు. వృత్తాలు, సౌష్ఠవం, చిన్న పూర్ణాంకాలు చిన్నప్పటి నుంచి చూశాం కాబట్టి నచ్చుతాయి. వేరే లెక్కలతో పెరిగిన మనిషికి వేరేవి నచ్చుతాయి. ఇంజనీరుగా నాకు కావలసింది వంతెన నిలబడటం. దానికి వాడే సమీకరణాల్లో సగం చూడటానికి బాగుండవు, అంకెలు దశాంశాలతో ఉంటాయి, ప్రయోగాల నుంచి తీసినవి. అవి ప్రాణాలు కాపాడుతున్నాయి. వాటిని ఎందుకు తక్కువ చేయాలి?

---

తరంగం రాశారు:

సూటిగా గారి మాటలో చాలా బలం ఉంది. అందాన్ని నమ్మి దెబ్బతిన్నవాళ్లలో అందరికన్నా పెద్దవాడు కెప్లర్. 1596లో ఆయన ఒక నమూనా ప్రచురించాడు. అప్పటికి తెలిసిన గ్రహాలు ఆరు. వాటి మధ్య ఖాళీలు ఐదు. ముఖాలన్నీ ఒకేలాంటి క్రమ బహుభుజులై, ప్రతి మూల దగ్గరా అన్నే ముఖాలు కలిసే, లోపలికి నొక్కుకోని ఘనాకృతులు సరిగ్గా ఐదే. ఒకదానిలో ఒకటి ఆ ఐదింటినీ అమరిస్తే గ్రహాల దూరాలు వస్తాయన్నాడు. ఇంత అందమైన ఆలోచన ఇంకోటి చెప్పండి! దేవుడి మనసు చదివానని ఆయన నమ్మాడు. అది తప్పు. 1781లో ఏడో గ్రహం యురేనస్ కనిపించాక ఐదు అన్న సంఖ్యకు కూడా అర్థం లేకుండా పోయింది.

అదే కెప్లర్ తర్వాత, ఆకాశాన్ని కొలిచిన టైకో బ్రాహీ కొలతల ముందు కూర్చున్నాడు. కుజుడి కక్ష్య వృత్తాలతో దాదాపు సరిపోయింది, తేడా 8 ఆర్క్ నిమిషాలు మాత్రమే. పున్నమి చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు. ఇంకెవరైనా వదిలేసేవారు. ఆయన వదల్లేదు, వృత్తాన్నే వదిలేశాడు. 1609లో దీర్ఘవృత్తం ప్రకటించాడు. ఆ కాలం కంటికి దీర్ఘవృత్తం వృత్తం కన్నా తక్కువ అందం. తర్వాత న్యూటన్ వచ్చి, దూరం వర్గానికి విలోమంగా తగ్గే ఒక్క ఆకర్షణ నుంచి ఆ దీర్ఘవృత్తం దానంతటదే పుడుతుందని చూపించాడు. అందం పోలేదు, గీసిన బొమ్మలోంచి దాని వెనకున్న నియమంలోకి వెళ్లింది.

ఇక రెండోవైపు భౌతికశాస్త్రవేత్త డిరాక్. సమీకరణం ప్రయోగంతో సరిపోవడం కన్నా అందంగా ఉండటమే ముఖ్యమని 1963లో ఆయన రాశాడు. ఆయన చూపించిన ఉదాహరణ ష్రోడింగర్‌ది. ఎలక్ట్రాన్ ప్రవర్తనకు ష్రోడింగర్ ముందు ఐన్‌స్టైన్ సాపేక్షతతో కలిసిన సమీకరణమే కనుక్కున్నాడు. హైడ్రోజన్ కొలతలతో కుదరలేదని పక్కన పెట్టి, సాపేక్షత లేని రూపాన్ని 1926లో ప్రచురించాడు. కుదరకపోవడానికి కారణం ఎలక్ట్రాన్ స్పిన్‌ను, అంటే దానికి స్వతహాగా ఉండే తిరుగుడు లాంటి గుణాన్ని, లెక్కలోకి తీసుకోకపోవడం.

1928లో డిరాక్ ఆ పనినే ఇంకో దారిలో చేశాడు. సాపేక్షతలో శక్తికి వర్గంతో సూత్రం ఉంది, ఆయనకు వర్గం లేని రూపం కావాలి. మామూలు సంఖ్యలతో ఆ వర్గమూలం రాదు. 4 వరుసలు, 4 నిలువుల మాత్రికలు పెడితే వచ్చింది. పెట్టగానే, ఎవరూ అడగని స్పిన్ దానంతటదే లోపలి నుంచి బయటికొచ్చింది. దానితోపాటు ఎవరికీ అక్కర్లేని జవాబులు కూడా వచ్చాయి, రుణ శక్తి ఉన్నవి. వాటిని కొట్టేయకుండా, ఎలక్ట్రాన్‌కు ఎదురు ఆవేశం ఉన్న జంట కణం ఉండాలని 1931లో అన్నాడు. 1932లో కార్ల్ ఆండర్సన్‌కు కాస్మిక్ కిరణాల ఫొటోలో ఆ జాడ దొరికింది. పాజిట్రాన్.

అందుకే తమ్ముడు అడిగినదానికి నా జవాబు ఇదీ. మూటలోంచి మనం పెట్టినవే బయటికి వస్తాయి. డిరాక్ సమీకరణంలోంచి ఆయన పెట్టనివి వచ్చాయి. కెప్లర్ ఐదు ఘనాల నుంచి ఏమీ రాలేదు, పెట్టిన ఆరు దూరాలే, అవీ సరిగా కాదు.

---

సూటిగా రాశారు:

పెట్టనివి రావడం. ఇది ఒప్పుకోగలిగిన కొలమానం. నా దశాంశాల సమీకరణాల నుంచి పెట్టనివి రావు, నిజమే. అవి నమ్మకమైనవి, అందమైనవి అనను. కానీ అలవాటు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

---

లెక్కల_మాస్టారు రాశారు:

అలవాటు కొంత ఉంది, కాదనను సూటిగా గారూ. కానీ అలవాటుకు ఎదురు నడిచే ఉదాహరణ ఒకటి చెబుతాను.

గణాంకాల్లో గంట ఆకారపు వక్రరేఖ మీ వృత్తిలో రోజూ చూస్తారు. కొలతల్లో తప్పులు దాని ప్రకారం పడతాయి. ఇ ని 'మైనస్ ఎక్స్ వర్గం' ఘాతానికి ఎత్తితే వచ్చే ఆ వక్రం కింద మొత్తం వైశాల్యం ఎంతంటే, పై వర్గమూలం. కొలతల తప్పులకూ వృత్తానికీ ఏమిటి సంబంధం? అక్కడ వృత్తం ఎక్కడుంది?

ఆ వైశాల్యాన్ని దానితోనే గుణించండి. ఒకటి ఎక్స్ దిశలో, ఇంకోటి వై దిశలో అనుకోండి. ఘాతాలు కలుస్తాయి, ఎక్స్ వర్గం ప్లస్ వై వర్గం. అది మధ్య నుంచి దూరానికి వర్గం, చిన్నప్పటి లంబకోణ త్రిభుజం సూత్రమే. అంటే ఇప్పుడు మన ముందున్నది ఒక గుట్ట, ఎటు నుంచి చూసినా గుండ్రంగా ఉన్న గుట్ట. వృత్తం అక్కడ దాక్కుంది. ఒక గీత మీద నిలబడి చూసినంతకాలం కనిపించలేదు, నేల మీదికి దిగగానే కనిపించింది.

ఇందులో నాకు నచ్చేది ఏమిటంటే, మొదట ఇది అలవాటుకు విరుద్ధం. కారణం చూశాకే అందం వచ్చింది. జెకీ ప్రయోగంలో కూడా అర్థం కావడానికీ అందానికీ సంబంధం కనిపించింది, అయితే రెండూ ఒకటి కాదని కూడా తేలింది. అర్థమైనవన్నీ అందంగా అనిపించవు.

ఇప్పుడు రామానుజన్.

ఒంటరి_పై గారూ, ఆ శ్రేణి కాగితం మీద చూస్తే పెద్ద సంఖ్యలు, ఫ్యాక్టోరియల్స్ (1 నుంచి ఒక సంఖ్య దాకా అన్నిటి గుణకారం), ఏ వరుసా లేనట్టు ఉంటుంది. దాని పక్కన మాధవుడి శ్రేణి పెట్టి చూడండి: పై/4 = 1 − 1/3 + 1/5 − 1/7 + ... 14వ శతాబ్దపు సంగమగ్రామ మాధవుడు. చిన్న పిల్లవాడికి కూడా వరుస కనిపిస్తుంది. దాన్ని చూడగానే అందరికీ నచ్చుతుంది. కానీ 500 పదాలు కూడినా వచ్చేది 3.1396 దగ్గరే.

రామానుజన్ శ్రేణిలో మొదటి పదం ఒక్కటే తీసుకోండి. 9801ని 2206తో (అంటే 1103కు రెట్టింపు), తర్వాత 2 వర్గమూలంతో భాగించండి. 3.1415927 వస్తుంది. ఆ తర్వాత ప్రతి పదం సుమారు 8 అంకెలు కలుపుతుంది. 1985లో బిల్ గాస్పర్ ఈ శ్రేణితోనే పై విలువ 1 కోటి 75 లక్షలకు పైగా అంకెలు కట్టాడు. అప్పటికి శ్రేణికి పూర్తి నిరూపణ కూడా లేదు, 1987లో బోర్వైన్ సోదరులు ఇచ్చారు.

వేగం ఒక్కటే అయితే నేను దాన్ని మంచి యంత్రం అంటాను. ఇప్పుడు సంఖ్యలు విప్పుదాం. 9801 అంటే 99 × 99. 396 అంటే 4 × 99. సరే, 99 చుట్టూ తిరుగుతోంది. 26390ని విడగొట్టండి: 58 × 455. ఆ 58ని గుర్తుపెట్టుకోండి.

ఇ అనే సంఖ్యను 'పై ఇంటూ 58 వర్గమూలం' ఘాతానికి ఎత్తండి. రామానుజన్ అదే 1914 వ్యాసంలో దాని విలువ ఇచ్చాడు: 24591257751.99999982. ఇ, పై, 58 వర్గమూలం, మూడూ దశాంశాలు ఎప్పటికీ ముగియని సంఖ్యలు. మూడూ కలిసి ఒక పూర్ణాంకానికి వెంట్రుకవాసి దూరంలో ఆగాయి. ఇప్పుడు శ్రేణిలో ప్రతి పదం కింద ఉన్న 396 నాలుగో ఘాతం కట్టండి. 24591257856. ఆ రెండింటికీ తేడా 104.

అంటే 396 ఎక్కడి నుంచో ఊడిపడలేదు. 58 అనే సంఖ్యకు ఒక అరుదైన గుణం ఉంది, ఆ గుణం వల్ల ఆ విలువ పూర్ణాంకానికి అంత దగ్గరగా వస్తుంది. అంత దగ్గరగా వచ్చే పెద్ద సంఖ్యతో భాగిస్తున్నాం కాబట్టే శ్రేణి అంత వేగంగా దిగుతుంది. అక్కడ ఉన్న ప్రతి వికారమైన సంఖ్యా వేరే దేశం నుంచి వచ్చిన ఉత్తరం లాంటిది. ఆ దేశం పేరు మాడ్యులర్ ప్రమేయాలు, లోతైన సౌష్ఠవం ఉన్న ఒక రకం ప్రమేయాలు. ఆ 15 మందీ పెద్ద గణితవేత్తలే, కానీ స్కానర్‌లో కొన్ని సెకన్లలో చూస్తే ఉత్తరం పైనున్న స్టాంపులే కనిపిస్తాయి.

---

వాక్యం రాశారు:

మాస్టారు గారూ, నాకు సగమే అర్థమైంది, కానీ ఆ 104 దగ్గర ఆగిపోయాను. కొన్ని పద్యాలు చెవికి కటువుగా ఉంటాయి, పదం విడగొట్టి అన్వయం చెప్పే గురువు దొరికినప్పుడే వాటి తీపి తెలుస్తుంది. ఈ శ్రేణి ఆ జాతిది.

---

తరంగం రాశారు:

ఈ 58 సంగతి నాకు కూడా ఇంత వివరంగా తెలియదు. ధన్యవాదాలు మాస్టారూ. పెట్టనివి రావడం అన్నాను, దీనికి ఇంకోటి చేర్చాలి. కొన్నిసార్లు వాటిని బయటికి తీసే మనిషి కూడా కావాలి.

---

ఒంటరి_పై రాశారు:

నిన్న రాత్రి కాగితం మీద చేశాను. కాలిక్యులేటర్ ముట్టుకోలేదు, చేతితోనే చేయాలనిపించింది. 396 వర్గం 156816. దాన్ని మళ్లీ వర్గం చేయడానికి ఒకసారి తప్పు చేశాను, రెండోసారి 24591257856 వచ్చింది. 104 తీసేశాను. 24591257752. రామానుజన్ ఇచ్చిన విలువ పక్కన రాసి చూసుకుంటే, తేడా దశాంశం తర్వాత ఏడో స్థానంలో మొదలైంది.

మొదటిసారి ఆ శ్రేణి చూసినప్పుడు గుండె ఎందుకు కొట్టుకుందో ఇప్పుడు కొంచెం తెలుస్తోంది. ఆ సంఖ్యలు యాదృచ్ఛికంగా ఉండటానికి వీల్లేనంత ప్రత్యేకంగా ఉన్నాయి. వెనక ఎవరో ఉన్నట్టు అనిపించింది, ఎవరో తెలియలేదు. మాస్టారు గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

---

డిగ్రీ_రెండో_ఏడు రాశారు:

తరంగం అన్నా, ఆ కాంతి వేగం లెక్క చేశాను. ఒక పేజీ కాదు, మూడు పేజీలు పట్టింది. చివర్లో సంఖ్య వచ్చినప్పుడు లేచి గదిలో రెండుసార్లు తిరిగాను.

మాస్టారు గారికి ఒక ప్రశ్న. 58కే ఆ గుణం ఉందా? ఇంకా పెద్ద సంఖ్యకు ఉంటే ఇంకా వేగమైన శ్రేణి రావాలి కదా?

---

లెక్కల_మాస్టారు రాశారు:

ఉంది నాన్నా. 163. ఇ ని 'పై ఇంటూ 163 వర్గమూలం' ఘాతానికి ఎత్తితే 262537412640768743.99999999999925 వస్తుంది. దశాంశం తర్వాత 12 తొమ్మిదులు వరుసగా ఉన్నాయి, లెక్కపెట్టు. దాని మీద చుద్నోవ్‌స్కీ సోదరులు 1980ల చివర్లో ఒక శ్రేణి కట్టారు, పదానికి 14 అంకెలు ఇస్తుంది. ఇటీవలి పై రికార్డులు దాంతో చేసినవే.

ఆ శ్రేణిలో 640320 అనే సంఖ్య ఉంటుంది. దాన్ని ఘనం చేసి, ఇప్పుడు నేనిచ్చిన 163 విలువ పక్కన పెట్టి తేడా ఎంతో నువ్వే కనుక్కో. నేను చెప్పను.

---

ఒంటరి_పై రాశారు:

నేనూ చేస్తున్నాను. తమ్ముడూ, ముందు నీకు వస్తే జవాబు ఇక్కడ పెట్టకు, నాది పూర్తయ్యేదాకా ఆగు.